ఈతకొలని నీరు

పూర్వము మన గ్రామములలో బాలురకు ఈత నేర్పినవి చెరువులు, కాలువలు, దిగుడుబావులు. ఎండు సొరకాయ బుఱ్ఱలను నడుమునకు కట్టుకొని, పెద్దవారొకరు ఒడ్డున నిలిచి చూచుచుండగా పిల్లలు నీట దూకెడివారు. ఆ నీటిని శుద్ధి చేయవలెనను చింత యెవరికిని ఉండెడిది కాదు. వానకు చెరువు నిండును, కాలువ పారుచునే యుండును. ఆ నీటివలన వ్యాధులు రాలేదని కాదు. వచ్చెడివి, కాని వాని కారణమును నీటియందు వెదకువారు తక్కువ.

నేడు హైదరాబాదు వంటి నగరముల చుట్టును, తోటలలోను, ఇంటి పెరటిలోనే ఈతకొలను కట్టించుకొనువారు కనబడుచున్నారు. అమెరికాలోని టెక్సాస్ వంటి వేడిగల రాష్ట్రములందు స్థిరపడిన తెలుగు కుటుంబములకు కూడ ఇది క్రొత్త వస్తువు కాదు. ఇంటి కొలను చెరువు వంటిది కాదు. అది సిమెంటు గోడల నడుమ నిలిపిన నీరు. అదే నీరు నెలల తరబడి మారక యుండును. పంపు దానిని పీల్చి, ఇసుక గుండ వడపోసి, మరల కొలనులోనికి పంపుచుండును. వడపోత మట్టిని, ఆకులను, నలుసులను ఆపును గాని కంటికి కనబడని సూక్ష్మజీవులను చంపజాలదు. ఆ పని క్లోరినుది. క్లోరిను తన పని చక్కగా చేయవలెనన్నచో నీటి స్వభావము ఒక హద్దులో నుండవలెను. ఆ స్వభావమును తెలుపు సంఖ్యకే పి.హెచ్. అని పేరు.

ఇంటి కొలను గలవారు తఱచుగా చేయు ఫిర్యాదు ఒక్కటియే. ఎంత దించినను ఆ సంఖ్య మరల పైకి పోవుచునే యున్నదందురు. సోమవారము ఆమ్లము పోసి దించుదురు. గురువారమునకది యథాస్థానమునకు చేరును. మరల ఆమ్లము, మరల పెరుగుదల. నీటిలో ఎవరో క్షారమును తెచ్చి కలుపుచున్నారా యని సందేహింతురు. సాధారణముగా ఎవరును ఏమియు కలుపలేదు. నీటిలోనికి వచ్చినదేదియు లేదు. నీటినుండి ఒకటి వెడలిపోవుచున్నది.

అదేమో తెలిసికొనుటకు ముందు పి.హెచ్. అననేమో చూడవలెను. చింతపండు, నిమ్మరసము, పుల్లని పెరుగు ఆమ్ల గుణము కలవి. సున్నము, చాకలిసోడా క్షార గుణము కలవి. పెండ్లికూతునకు దిష్టి తీయునపుడు పళ్లెములోని పసుపునీటిలో ఇంచుక సున్నము కలుపుదురు. పసుపునీరు తత్‌క్షణమే ఎఱ్ఱనీరగును. మన ముత్తైదువలు తరతరములుగా చేయుచు వచ్చిన రసాయన పరీక్ష యిది. క్షారము సోకగానే పసుపు తన రంగు మార్చుకొనును. అయితే పసుపు క్షారమున్నదని చెప్పును గాని, ఎంత యున్నదో చెప్పదు. ఆ కొలతకు సంఖ్యలు నిర్ణయించినవాడు డెన్మార్కు దేశీయుడగు సోరెన్‌సెన్ అను రసాయన శాస్త్రవేత్త. 1909లో ఆయన కోపెన్‌హాగెను నగరమందలి కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎంజైముల పనితీరును పరిశీలించుచు ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను. దీని ప్రకారము శుద్ధజలము 7. అంతకు తక్కువైన ఆమ్లము, ఎక్కువైన క్షారము. ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఈ సంఖ్యలలో ఒక్క మెట్టు ఎక్కిన ఆమ్లత పదవ వంతునకు తగ్గిపోవును. రెండు మెట్లు ఎక్కిన నూఱవ వంతునకు. కావున 7.2 నుండి 8.2 నకు మారుట చూపునకు స్వల్పమే గాని, నీటి స్వభావములో పెద్ద మార్పు.

క్లోరినుతో శుద్ధిచేయు కొలనులలో పి.హెచ్. 7.2 నుండి 7.8 వఱకు నుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములలో చెప్పినది. కారణమిది. నీటిలో కలిసిన క్లోరిను రెండు రూపములతో నుండును. మొదటిది హైపోక్లోరస్ ఆమ్లము. ఇది సూక్ష్మజీవి శరీరములోనికి చొచ్చుకొని పోయి త్వరగా చంపును. రెండవది హైపోక్లోరైటు, ఇది అదే పనిని మిక్కిలి మందకొడిగా చేయును. ఏ రూపమెంత యుండవలెనో నిర్ణయించునది పి.హెచ్. ఆ సంఖ్య 7.2 అయినచో క్లోరినులో సుమారు మూడింట రెండు వంతులు చురుకైన రూపములో నుండును. 7.5 వద్ద సగము. 8 వద్ద నాల్గవ వంతు. 8.5 నకు పోయినచో పదవ వంతైనను మిగులదు. విచారకరమైన సంగతి యేమనగా, క్లోరినును కొలుచు పరీక్షలో ఈ తేడా కనబడదు. కొలనులో క్లోరిను ఉన్నదనియే పరీక్ష చెప్పుచుండును. ఉన్నమాట నిజమే, కాని అందు చాల భాగము నిద్రించుచున్నది. గృహస్థు నిశ్చింతగా నుండును. పిల్లలు ఈదుచు నోట నీరు పోనిచ్చుచుందురు, చెవులలోనికి నీరు పోవుచుండును. చెవిపోటు గాని, విరేచనములు గాని పట్టుకొన్నపుడు కొలని సంగతి ఎవరికిని తోచదు.

ఎండకు క్లోరిను హరించిపోకుండ సయనూరిక్ ఆమ్లమును కలుపు కొలనులు కలవు. అట్టివానిలో పి.హెచ్. ప్రభావము ఇంత తీవ్రముగా నుండదు. కాని వానిలో క్లోరినులో అధికభాగము ఆ ఆమ్లముతోనే బంధింపబడి యుండుటచేత చురుకైన భాగము మొదటనే తక్కువ. కావున అది ధైర్యమునకు కారణము కాదు.

పి.హెచ్. పెరిగినచో మఱియొక కీడు కలదు. నీటిలో కరగియున్న సున్నపు పదార్థము కరగియుండక తెల్లని పొరయై గోడలకు, పలకలకు, గొట్టములకు పట్టుకొనును. నీరు పాలు కలిపినట్లు మసకబాఱును. మసక నీటిలో అడుగున మునిగిన బిడ్డ కనబడడు. ఇది మాటవరుసకు చెప్పినది కాదు. కొలని అడుగు స్పష్టముగా కనబడనపుడు ఎవరిని గాని నీటిలో దిగనీయరాదను నియమమునకు ఇదియే మూలము.

ఈ తెల్లని పొర ఎట్లు పుట్టునో తెలిసినవారికి పి.హెచ్. రహస్యము సగము తెలిసినట్లే. అరకులోయకు పోవు దారిలోనున్న బొఱ్ఱా గుహలను చూచినవారు పైకప్పునుండి వ్రేలాడు రాతి ఊడలను మఱువజాలరు. అవి ఎవరును చెక్కినవి కావు. వాననీరు మట్టిలో ఇంకునపుడు అందలి బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, తనలో చేర్చుకొనును. దానిచేత కొంచెము పులుపెక్కిన ఆ నీరు సున్నపురాతిని కరగించుకొనుచు దిగును. గుహ కప్పునుండి బొట్టుగా వ్రేలాడునపుడు ఆ వాయువు బొట్టును విడిచి గుహలోని గాలిలో కలియును. వాయువు పోగానే నీటి పులుపు తగ్గును, అనగా పి.హెచ్. పెరుగును, కరగిన సున్నపురాయి ఇక నిలువలేక బొట్టు అంచున రేణువై మిగులును. అట్లు వేలకొలది సంవత్సరములు జరిగిన రాతి ఊడ యేర్పడును. బొఱ్ఱా గుహలో ఒక్కొక్క బొట్టునకు జరిగినదే పెరటి కొలనులో వేల లీటర్లకు జరుగుచున్నది.

దీనిని గోలీసోడా సీసాతో కూడ గ్రహింపవచ్చును. గోలీని లోనికి నొక్కగానే బుస్సుమని పైకి పొంగునది ఈ బొగ్గుపులుసు వాయువే. మూత తీసిన సోడాను గంటసేపు అట్లేయుంచి త్రాగిన చప్పగా నుండును. పులుపు ఎక్కడికి పోయినది? గాలిలో కలిసినది. గ్లాసునుండి గ్లాసునకు తిరుగబోసినచో ఇంకను త్వరగా పోవును. కొలని నీరు అతి పలుచని సోడా వంటిది. అందులో బైకార్బొనేటులను లవణముల రూపమున ఈ వాయువు నిల్వయుండును. కొంత భాగము విడిగా కరగి యుండును. విడిగా నున్నది నిరంతరము గాలిలోనికి పోవుచుండును. అది పోయినకొలది పి.హెచ్. పెరుగును.

బైకార్బొనేటుల ఈ నిల్వను కొలని సామగ్రి అమ్మువారు టోటల్ ఆల్కలినిటీ అందురు. దీనిని క్షారపు నిల్వ యనుకొందము. ఇది పి.హెచ్. కంటె వేఱు. పి.హెచ్. నీటి ప్రస్తుత స్థితిని చెప్పును. క్షారపు నిల్వ అది ఎటు పోవనున్నదో చెప్పును. నిల్వ అధికముగా నున్న నీటిలో పి.హెచ్.ను తక్కువకు దించినచో, పోవుటకు సిద్ధముగా నున్న వాయువు ఎక్కువై పెరుగుదల వేగముగా జరుగును. సాధారణముగా లీటరునకు 80 నుండి 120 మిల్లీగ్రాముల నిల్వ మంచిదందురు. మన దక్కను పీఠభూమిలో గొట్టపుబావుల నీరు తఱచు దీనిని మించియే యుండును. ఆ ప్రాంతముల ఇండ్లలో నీరు కాచు పాత్రల అడుగున తెల్లని పెచ్చు కట్టుట అందఱెఱిగినదే. గొట్టపుబావినుండి అప్పుడే తోడిన నీటిలో భూగర్భమునుండి వచ్చిన వాయువు మెండుగా నుండుటచేత పి.హెచ్. తక్కువగానే యుండును; గాలి సోకిన తరువాత అది పెరుగును. కొలను నింపిననాడు సరిగా నున్న నీరు వారము తిరుగకుండ మాఱిపోవుట కిదియే కారణము.

వేసవిలో దీనికి మఱియొకటి తోడగును. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు గల కొలనును తీసికొందము. అందు 48,000 లీటర్ల నీరు పట్టును. ఎండకు నెలలో 15 సెంటీమీటర్ల నీరు ఇగిరిపోయినదనుకొన్నచో 4,800 లీటర్లు పోయినట్లు. పోయినది ఉత్త నీరే. లవణములన్నియు కొలనులోనే మిగులును. ఆ లోటును లీటరునకు 300 మిల్లీగ్రాముల నిల్వ గల బావినీటితో పూరించినచో కొలని క్షారపు నిల్వ 30 మిల్లీగ్రాములు పెరుగును. గృహస్థు నీరు మాత్రమే పోసితిననుకొనును.

నీటిని కదలించు ప్రతి వస్తువును వాయువును తరిమివేయును. చిన్న జలపాతము, చిమ్మెడి ఫౌంటెను, పిల్లల కేరింతలు — అన్నియు సోడాను గ్లాసునుండి గ్లాసునకు తిరుగబోయుట వంటివే. ఉప్పునీటినుండి విద్యుత్తుతో క్లోరిను తయారుచేయు యంత్రములున్న కొలనులలో ఉదజని బుడగలు నిరంతరము పుట్టి వాయువును తమతో తీసికొనిపోవును. కనుక అట్టి కొలనులలో ఈ బెడద హెచ్చు. నాచు పట్టి నీరు పచ్చబడినచో అదియును పి.హెచ్.ను పెంచును, పచ్చని మొక్కలు పగటివేళ వాయువును ఆహారముగా గ్రహించుటయే యిందుకు హేతువు. భీమవరము ప్రాంతమున రొయ్యల చెరువుల రైతులు ఉదయము ఒకసారి, మధ్యాహ్నము ఒకసారి పి.హెచ్. చూచుట ఈ హెచ్చుతగ్గులకొఱకే.

క్రొత్తగా కట్టిన కొలని సంగతి వేఱు. సిమెంటు పూత గట్టిపడుచు తనలోని సున్నమును నెలల తరబడి నీటిలోనికి వదలును. అక్కడ నిజముగనే క్షారము వచ్చి చేరుచున్నది. దానికి ఓపికయే మందు. మొదటి కొన్ని నెలలు తఱచుగా పరీక్షించి దించుచుండుట తప్ప గత్యంతరము లేదు. ద్రవరూపమగు క్లోరినును కూడ పలువురు నిందింతురు. దానికి క్షార గుణము మెండు, పోసిన వెంటనే పి.హెచ్. పెరుగును. కాని ఆ క్లోరిను ఎండకు గాని, మలినముతో పోరాడుటలో గాని ఖర్చయినపుడు ఆమ్లము పుట్టి పెరిగినదానిని చాలవఱకు దించివేయును. మిగులునది స్వల్పమే. నేరము కంటికి కనబడు సీసా మీద మోపబడినది గాని, దోషి కనబడని గాలి.

నివారణ మీ కారణమునుండియే తెలియును. ఊరక పి.హెచ్.ను వెంటాడుటకంటె క్షారపు నిల్వను తగ్గించుట మేలు. పెరుగుదల బాధించు కొలనులలో దానిని లీటరునకు 60 నుండి 80 మిల్లీగ్రాముల వఱకు దించి నిలుపవచ్చును. మార్గము వింతగా తోచును గాని సులభమైనది. ఆమ్లము పోసినపుడు బైకార్బొనేటు కొంత విరిగి వాయువగును, పి.హెచ్. దిగును. తరువాత ఫౌంటెను తెఱచి నీటిని చిమ్మనిచ్చినచో ఆ వాయువు గాలిలో కలిసి పి.హెచ్. మరల పెరుగును, కాని విరిగిన బైకార్బొనేటు తిరిగి రాదు. ఇట్లు కొన్ని దినములు చేయగా నిల్వ దిగును. పైన చెప్పిన కొలనులో 120 నుండి 80 నకు దించుటకు, అంగడిలో దొరకు నూటికి 33 పాళ్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లము మొత్తము నాలుగు లీటర్లకు కొంచెము తక్కువ పట్టును. దానిని ఒక్కసారిగా పోయరాదు. దినమునకు అర లీటరు చొప్పున, ప్రతిసారి పరీక్షించి పోయవలెను. నిల్వ దిగిన పిదప పి.హెచ్.ను 7.2 నకు దించు పట్టుదలయు వలదు. 7.8 వద్ద నున్న నీటికంటె 7.2 వద్ద నున్న నీటిలో విడివాయువు నాలుగు రెట్లుండును. అది అంత వేగముగను పోవును. 7.6 ప్రాంతమున విడిచిన నీరు తనంతట తానే నెమ్మదించును.

కొందఱు అంగడివాని మాట విని ఒక వారము ఆల్కలినిటీ పెంచు పొడిని, మఱుసటి వారము పి.హెచ్. దించు ఆమ్లమును కొనుచుందురు. ఆ పొడి వంటసోడాయే. ఒక చేతితో పోసిన వాయువును వేఱొక చేతితో తరుముట తప్ప దీనివలన ప్రయోజనము లేదు, లాభమంతయు అంగడివానిదే.

పరీక్షయు జాగ్రత్తగా చేయవలెను. మోచేయి మునుగునంత లోతునుండి, నీరు లోనికి వచ్చు గొట్టమునకు దూరముగా, సీసాలో నీరు పట్టవలెను. ఫినాల్ రెడ్ చుక్కలు వేసిన నీరు పి.హెచ్. తక్కువైన పసుపుపచ్చగాను, ఎక్కువైన ఎఱ్ఱగాను మాఱును. నీటిలో క్లోరిను మితిమీరియున్నపుడు ఈ రంగు ఊదాగా మాఱి లేని పెరుగుదలను చూపును. అది నమ్మి ఆమ్లము పోసినవారు నీటిని అకారణముగా పాడుచేసికొందురు. క్లోరినును వేసిన వెంటనే గాక, అది దిగిన పిదప పరీక్షించుట మంచిది.

ఇక ఆమ్లమును గూర్చి. ఇది పాయిఖానాలు కడుగుటకు అమ్ము ఆసిడు జాతిదే, కాని మఱింత తీవ్రమైనది. కంటికి అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు లేనిదే మూత తీయరాదు. బకెట్టులో ముందు నీరు పోసి, ఆ నీటిలోనికి ఆమ్లమును పోయవలెను. ఆమ్లములోనికి నీరు పోసినచో అది కాగి చిమ్మి ముఖముపై పడును. పంపు తిరుగుచుండగా, ఎవరును నీటిలో లేనపుడు మాత్రమే కొలనులో కలుపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఆమ్లమును క్లోరిను ద్రవముతో గాని, బ్లీచింగు పొడితో గాని ఎన్నడును కలియనీయరాదు. ఆ రెండును కలిసినచో క్లోరిను వాయువు పుట్టును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ నగరము చెంత జర్మను సైన్యము శత్రువుల కందకముల మీదికి వదలినది ఈ వాయువే. పసుపుపచ్చని ఆ పొగ గాలికంటె బరువైనదగుటచే నేలబారున ప్రాకి మనుష్యుల ఊపిరితిత్తులను పాడుచేసెను. పెరటిలోని పంపుగదిలో దానిని పుట్టించుటకు సైన్యమక్కఱలేదు. క్లోరిను కొలిచిన చెంబును కడుగక ఆమ్లములో ముంచిన చాలును. రెండు డబ్బాలను ఒకే అలమరలో నుంచరాదు; ఒకటి కారినచో రెండవదానిని చేరును. కొలతచెంబులు వేఱుగా నుండవలెను. మందులను తనంతట తానే పోయు యంత్రములున్నచోట మఱియొక అపాయము కలదు. నీటిపంపు ఆగిపోయినను మందుల పంపులు ఆగకున్నచో, కదలని నీరున్న గొట్టములో రెండును ప్రోగుపడి కలియును. నీటిపంపు తిరిగి నడువగానే ఆ వాయువు ఈదుచున్నవారి ముఖముల చెంతకే వచ్చును. ఒకటి ఆగిన రెండవది తప్పక ఆగునట్లు విద్యుత్తు కలపించుకొనుట యజమాని విధి.

వానకాలమున స్థితి తలక్రిందులగును. వాననీటిలో బైకార్బొనేటు లేనట్లే యుండును. నెలరోజులు ముసురు పట్టి కొలను పొంగిపొరలినచో క్షారపు నిల్వ 50 మిల్లీగ్రాములకంటె దిగజాఱవచ్చును. అప్పుడు పి.హెచ్. ఒకచోట నిలువక కొంచెము ఆమ్లమునకే ఒక్కసారిగా పడిపోవును. ఆమ్లపు నీరు సిమెంటు పూతను తినివేయును, లోహపు గొట్టములను తుప్పు పట్టించును. వేసవిలో దూరముంచవలసిన వంటసోడాకు అప్పుడే పని కలుగును. 48,000 లీటర్ల కొలనులో నిల్వను పది మిల్లీగ్రాములు పెంచుటకు సుమారు ఎనిమిదివందల గ్రాముల సోడా చాలును. దానిని నీటిలో కరగించి లోతైన వైపున పోసి, పంపును ఒక పూట నడిపించి, మఱునాడు ఉదయము మరల పరీక్షింతురు.